నడకే గదా

మే 14

రిజల్ట్ వచ్చింది. లిస్టులో నా నంబరుంది.

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. హాల్ టికెట్ పక్కన పెట్టుకుని మూడుసార్లు సరిచూసుకున్నాను. మా ఆయన మహేశ్‌కి ఫోన్ చేస్తే షాపులో మోటార్ వైండింగ్ చేస్తున్నాడు, రెండోసారి చెబితే గాని వినపడలేదు. విన్నాక షాపులో ఉన్న రైతులందరికీ టీ చెప్పాడట. శివజ్యోతి కూడా సెలెక్ట్ అయింది. డిగ్రీ మూడేళ్లూ ఒకే బెంచీ మాది, బాటనీ.

ఇక మిగిలింది నడక పరీక్ష, ఆ తర్వాత మెడికల్. ఆడవాళ్లకు నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు. తేదీ తర్వాత చెబుతారు. మామ పేపరులోంచి తల ఎత్తి, 'నడకే గదమ్మా, పరుగు గాదు గదా' అన్నాడు.

నాకిప్పుడు ఐదో నెల.

మే 17

కడపలో చెకప్. నడవచ్చా అని డాక్టరమ్మను అడిగాను. రోజూ నడువు, ఆయాసం రానంత వరకు ఎంతైనా నడువు, నడిస్తేనే నీకూ బిడ్డకూ మంచిది అంది. అత్త పక్కనే కూర్చుని అన్నిటికీ తల ఊపింది. వేంపల్లె బస్సు ఎక్కాక, 'ఆ యమ్మ అట్లనే చెప్తాది. రేప్పొద్దున ఏమన్నా అయితే ఆ యమ్మ వస్తాదా?' అంది.

రెండేళ్ల కిందటిది ఎవరూ మర్చిపోలేదు. శివజ్యోతితో ఎగువ అహోబిలం పోయాను. జ్వాలా నరసింహస్వామి దాకా ఎక్కి దిగాం. పద్దెనిమిది రోజులకు కడుపు పోయింది. మూడో నెల. కొండ ఎక్కినందుకు కాదమ్మా, ఇంట్లో పండుకున్నా పోయేదే అని అప్పటి డాక్టరు స్పష్టంగా చెప్పింది. ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. కొన్ని రోజులు మాత్రం నేనూ నమ్మలేదు.

అత్త చెడ్డది కాదు. అప్పుడు ఆసుపత్రిలో నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆమే.

మే 20

ఉదయం ఐదుంబావుకు బయలుదేరాను. ఈ నెలలో వేంపల్లెలో నడవాలంటే ఆ వేళ తప్ప మరోటి లేదు. ఆరున్నరకే ఎండ మొహం మీద కొడుతుంది.

పులివెందుల రోడ్డు పట్టాను. ఫుట్‌పాత్ ఉండదు. అరటికాయల లారీలు పక్కనే దూసుకుపోతుంటే మార్జిన్‌లోకి దిగాలి, దిగితే కంకర. టీ అంగడి దగ్గర ఆరేడుగురు మగవాళ్లు. మొహం చూడరు, కడుపు చూస్తారు. అది దాటితే కుక్కలు. చున్నీ నడుముకు కట్టుకుని రాయి చేతిలో పట్టుకుని నడిచాను.

కిలోమీటరు కూడా కాలేదు, మామ స్నేహితుడు దేవేంద్రప్ప బండి ఆపాడు. 'యాడికి పోతాండావు పాపా?' అని. యాడికీ లేదు పెదనాన్నా, నడుస్తున్నాను అన్నాను. యాడికీ లేకుండా ఎవరైనా నడుస్తారా అన్నట్టు చూశాడు. బండి ఎక్కమన్నాడు. ఎక్కనంటే, నడిచినంత దూరమూ బండిని నా వెనకే మెల్లగా నడిపించి ఇంటి దగ్గర వదిలిపెట్టి పోయాడు. ఇంట్లో కొట్లాడి వెళ్లిపోతున్నాననుకున్నాడట.

మామ తలకాయ దించుకుని టిఫిన్ తిన్నాడు. అది తిట్టడం కంటే ఎక్కువ.

మే 21

తెల్లవారుజామునే అత్త గేటు ముందు ముగ్గు వేస్తూ కూర్చుంది. నేను షూస్ విప్పేసి లోపలికి వచ్చేశాను.

జూన్ 2

మిద్దె మీద నడుస్తున్నాను. టేపు పెట్టి కొలిచాను. ఈ గోడ నుంచి ఆ గోడకు ముప్పై రెండు అడుగులు. కిలోమీటరుకు నూటమూడు సార్లు. తిరిగీ తిరిగీ కళ్లు తిరుగుతున్నాయి. అయినా నిన్న రెండు కిలోమీటర్లు, ఈరోజు రెండున్నర. లోపల బిడ్డ నేను నడిచేటప్పుడు పడుకుంటుంది, ఆగితే తంతుంది.

శివజ్యోతి కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర నుంచి రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడుస్తోందట. వాళ్లన్న బండి మీద తోడు పోతాడట.

జూన్ 19

ఎదురింటి పెద్దక్క వాళ్ల మిద్దె మీద మిరపకాయలు ఎండబోసుకుంటూ పదిరోజులుగా నన్ను చూస్తోందని ఈరోజే తెలిసింది. అత్త దగ్గరకు వచ్చి, 'కడుపుతో ఉండే పిల్లను గాలి సోకిందాని మాదిరి ఆ గోడకూ ఈ గోడకూ తిరగనిస్తాండావేమే కృష్ణవేణమ్మా' అందట.

సాయంత్రానికి మిద్దె తలుపుకు తాళం.

మహేశ్‌తో చెప్పాను. తలుపు గొళ్లెం ఊడిందేమో, బాగుచేయించి తీస్తారులే అన్నాడు. గొళ్లెం ఊడలేదని అతనికీ తెలుసు. తర్వాత, 'ఇంకో నాలుగు నెలలు గదా. అమ్మతో ఎందుకు పెట్టుకుంటావు' అన్నాడు. పొద్దున్నే నువ్వు నాతో రా, నీతో అయితే పంపిస్తారు అన్నాను. వస్తానన్నాడు.

జూన్ 24

వచ్చాడు! ఇద్దరం రెండు కిలోమీటర్లు పోయి రెండు కిలోమీటర్లు వచ్చాం. టీ అంగడి వాళ్లు తల తిప్పి వాళ్ల మాటల్లో వాళ్లు పడ్డారు. కుక్కలు కూడా లేచి రాలేదు. వచ్చేటప్పుడు ఉగ్గాని తిన్నాం. పెళ్లయిన కొత్తలో కూడా ఇంతసేపు మాట్లాడుకోలేదు.

జూన్ 25

ఆయన లేవలేదు. బోర్ మోటార్లు కాలిపోయే సీజన్, షాపు మూసేసరికి పది దాటుతోంది. లేపబుద్ధి కాలేదు.

జూలై 11

పదిహేడు రోజులైంది నడిచి.

ఆగస్టు 2

సీమంతం అయింది. నన్ను అమ్మ వాళ్లూరికి తెచ్చారు. బనగానపల్లె నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు. ఇంటి వెనకనుంచే మామిడి తోట మొదలవుతుంది, అవతల కాలువ గట్టు. పెళ్లికి ముందు ఆ గట్టు మీద ఎన్ని కిలోమీటర్లు నడిచానో. ఇక్కడ ఎవరూ అడ్డం చెప్పరు. రేపటి నుంచి మొదలుపెడతాను.

ఆగస్టు 9

అమ్మ అత్తకంటే గట్టిది. అత్తకైతే భయం ఒకటే. అమ్మకు భయమూ ఉంది, జవాబుదారీ కూడా ఉంది. 'ఏమన్నా అయితే మీ అత్తోల్లకు నేనేం చెప్పుకునేది? అహోబిలానికి పోయినప్పుడే ఒకసారి మాటపడినాను' అని కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. తోటలో పాములంది. గట్టు మీద తాగుబోతులంది. గ్రహణం రానుందంది. నేను నోరు తెరిస్తే ఏడుస్తుంది.

మధ్యాహ్నం మద్దమ్మ మా ఇంటికి మజ్జిగకు వచ్చింది. మిరప చేలో కలుపుకు పోతోంది. నాలాగే కడుపు, నాకంటే ఒక నెల ముందు. మూడో కాన్పు. ఆమెను ఎవరూ కూర్చోమనరు. నడుం వంచి ఎనిమిది గంటలు కలుపు తీసి, రానూ పోనూ ఆరు కిలోమీటర్లు నడుస్తుంది. నిన్ను చూస్తే కుళ్లుగా ఉంది మద్దమ్మా, నన్ను గడప దాటనివ్వడం లేదు అన్నాను. నవ్వి, 'నాకైతే రోంతసేపు పండుకోనిస్తే చాలక్కా' అంది.

నా మాటకు నాకే సిగ్గేసింది. డైరీలో అయినా రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబర్ 12

డెబ్బై తొమ్మిది కిలోలు. కాళ్లు వాచాయి. డాక్టరు నడవమంది. అమ్మ కూర్చోమంది. కూర్చున్నాను.

అక్టోబర్ 16

పాప పుట్టి మూడు రోజులు. మూడు కిలోల ఎనిమిది వందలు.

నంద్యాల ఆసుపత్రిలో ఇరవై గంటలు నొప్పులు పడ్డాను. చివరకు నాలో తోయడానికి ఓపిక లేదు. పాప తలకు వాక్యూమ్ పెట్టి లాగారు. కింద ఎన్ని కుట్లు వేశారని అడిగితే నర్సు చెప్పలేదు.

పాప అచ్చం మహేశ్. నిద్రలో కనుబొమలు ముడుస్తుంది. అత్త వచ్చి చూసి, చెవుల్లో దూది పెట్టుకోమని నాకు రెండుసార్లు గుర్తుచేసి, పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. ఏదో మాట్లాడుతోంది పాపతో. నాకు వినపడలేదు.

నవంబర్ 8

చెవుల్లో దూది. నడుముకు పాత చీర బిగించి కట్టు. నీళ్లు లెక్కగా రెండు గ్లాసులు. వెల్లుల్లి కారం, అన్నం. కిటికీ తెరవకూడదు. బాత్‌రూమ్‌కు తప్ప మంచం దిగకూడదు. మూడో నెల నిండేదాకా పచ్చి బాలింతనేనట.

దగ్గితే మూత్రం పడుతోంది. తుమ్మినా అంతే. అమ్మతో చెప్పాను. ఎవరితో అనొద్దు, ఆడోల్లకు ఇదంతా ఉండేదే, అదే సర్దుకుంటాది అంది. అమ్మకు సర్దుకుందా అని అడిగాను. పాప గుడ్డలు తీసుకుని బయటకు పోయింది.

నవంబర్ 21

గదిలో మంచానికీ బీరువాకూ మధ్య నాలుగు అడుగులు.

డిసెంబర్ 14

శివజ్యోతి ఫోన్. నడక పరీక్ష తేదీ వచ్చింది. జనవరి 28, కర్నూలు.

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఆ రోజుకు పాపకు మూడున్నర నెలలు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. డెలివరీ అయింది, ఇంకో రెండు నెలలు గడువిస్తారా అని. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. తేదీ మార్చే అవకాశం లేదు మేడమ్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకోండి అంది. పెట్టేసే ముందు, నడకే కదా మేడమ్, ట్రై చేయండి అని కూడా అంది.

ఇంకా నలభై ఐదు రోజులు.

డిసెంబర్ 22

నాయనకు ఎవరు చెప్పారో తెలియదు. నేను చెప్పలేదు. ఈరోజు పొద్దున ఆరు గంటలకు గుమ్మం దగ్గర బండి స్టార్ట్ చేసి నిలబడ్డాడు. అమ్మ ఏదో అనబోతే, 'సదువుకుని తెచ్చుకున్న ఉద్యోగం. నేను ఎనకాలే ఉంటా' అని ఒక్క మాట. నాయన మాట్లాడితే అమ్మ మాట్లాడదు, ఏడాదికి ఒకసారి మాట్లాడతాడు కాబట్టి.

కాలువ గట్టు మీద నేను ముందు, నాయన బండి వెనక. వంద అడుగులకే కాళ్లు వణికాయి. తొడలు నావి కావు. ఒకటిన్నర కిలోమీటరు నడిచేసరికి పాల బరువుకు రొమ్ములు రాళ్లయ్యాయి, పైన తడిసింది. కిందా తడిసింది. నాయన చూడకుండా చున్నీ కప్పుకుని ఇంటికి వచ్చాను.

కానీ ఆకాశం చూశాను. డెబ్బై రోజుల తర్వాత.

జనవరి 3

ఆరు కిలోమీటర్లు, గంటా నలభై రెండు నిమిషాలు. ప్యాడ్ పెట్టుకుంటున్నాను. నాలుగు దాటాక కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉంటోంది. పడుకుంటే తగ్గిపోతుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపేస్తారు.

జనవరి 10

పాపకు జలుబు, జ్వరం. ఊపిరికి గురగుర. అమ్మ నన్ను చూడటం లేదు. మంచులో తిరిగొచ్చి చల్లబడిన పాలు ఇచ్చానట. పాలు చల్లబడవమ్మా అన్నాను. అత్త ఫోన్ చేసి అదే మాట అంది. మహేశ్ ఫోన్ చేసి, 'ఇప్పుడు అవసరమా' అన్నాడు.

రాత్రంతా పాప నా ఛాతీ మీదే ఊపిరి తీసింది. ఉద్యోగం వద్దు స్వామీ, దీనికి తగ్గిపోతే చాలు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

జనవరి 19

పాప కోలుకుంది. గుమ్మం దగ్గర బండి లేదు. నాయన తోటకు పోయాడు. నేనూ అడగలేదు.

జనవరి 27

మహేశ్ నిన్న వచ్చాడు, కారు మాట్లాడుకుని. 'పోకుంటే జీవితమంతా నా మొహాన కొడతావు, పోదాం పా' అన్నాడు. కోపంతోనో ప్రేమతోనో తెలియలేదు. పాప సీసా పట్టడం లేదు కాబట్టి అమ్మా, పాపా కూడా వస్తున్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ బనగానపల్లెలో ఇచ్చారు. డాక్టరు బీపీ చూసి సంతకం పెట్టాడు. ఇంకేమీ చూడలేదు.

పదిహేడు రోజులైంది నడిచి.

జనవరి 29

నిన్నటిది రాస్తాను. రాయకపోతే ఎవరికో జరిగినట్టు అయిపోతుంది.

కర్నూలు బయట కొత్త రోడ్డు. ఎనిమిది పోవాలి, ఎనిమిది రావాలి. ఆరింటికి బయలుదేరాలని అంటే, ఐదున్నరకు కారులో పాపకు పాలిచ్చాను. ఏం జరిగినా బాధ్యత నాదేనని ఒక కాగితం మీద సంతకం. ఛాతీకి నంబరు. ఫోన్లు తీసుకున్నారు. శివజ్యోతి నా చెయ్యి పట్టుకుని మొదటి కిలోమీటరు నాతోనే నడిచింది. నా కోసం నెమ్మదిగా నడుస్తోందని తెలిసి, పోవే అని నేనే తోశాను.

ఎనిమిది కిలోమీటర్లు గంటా యాభై నాలుగు నిమిషాల్లో అయ్యాయి. అయింది! తిరిగేచోట చేతి మీద ముద్ర వేసిన హోంగార్డు, టైముంది మేడమ్, ఇట్లనే పోండి అన్నాడు. అప్పుడు అనిపించింది, వస్తుందేమో అని. ఒక కిలోమీటరు పొడుగునా నల్లమలలో నా బీటు చూసుకున్నాను. ఖాకీ చొక్కా, చెట్ల పేర్లు.

పదో కిలోమీటరు దగ్గర పాలు దిగాయి. పాప అక్కడ ఏడుస్తోందని నాకు తెలిసిపోయింది. నంబరు కాగితం తడిసి మెత్తబడింది. పదకొండు దగ్గర ప్యాడ్ దాటి ప్యాంటు తడిసింది. నల్ల ప్యాంటు వేసుకున్నాను కాబట్టి కనపడదని నడిచాను. పన్నెండు తర్వాత ఆ బరువు మొదలైంది. ఒక్కో అడుగుకూ లోపలిది కిందికి వస్తోంది. కాళ్లు దగ్గరపెట్టి నడిస్తే వేగం లేదు. వేగంగా నడిస్తే అది ఆగదు. వెనకవాళ్లు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. ఒక అమ్మాయి, అక్కా బాగున్నావా అని అడిగి ఆగకుండా పోయింది. ఆగితే ఆమెకూ పోతుంది.

పదమూడున్నర దగ్గర కల్వర్టు గోడ మీద కూర్చున్నాను. ఇంకా నలభై నిమిషాలు ఉంది. రెండున్నర కిలోమీటర్లు. మామూలుగా ఎవరైనా నడిచే దూరం. ఒక లేడీ కానిస్టేబుల్ వచ్చి, 'లెయ్యమ్మా, టైము శానా ఉండాది, నడకే గదా' అని చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని లేచాను కూడా. లేచి పది అడుగులు వేసి మళ్లీ కూర్చున్నాను.

జీపులో తెచ్చారు. శివజ్యోతి మూడు గంటల ముప్పై ఒక నిమిషం. నన్ను చూసి ఆమే ఏడ్చింది. మహేశ్ నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. కారులో పాపను ఒళ్లో వేసుకున్నాను. గొంతు పోయేలా ఏడ్చి ఏడ్చి ఉంది. రొమ్ము అందగానే నా వేలు పట్టుకుంది.

ఫిబ్రవరి 11

గర్భసంచి కొంచెం జారిందట. చిన్న వయసు, కండరాలు బిగించే ఎక్సర్‌సైజులు చేస్తే చాలావరకు కుదురుతుంది, దీనికి ప్రత్యేకంగా నేర్పే ఫిజియోథెరపిస్టులుంటారు అంది డాక్టరమ్మ. ఎక్కడ అంటే హైదరాబాద్, బెంగళూరు అంది. ఒక కాగితం మీద బొమ్మలు ఇచ్చింది. బరువులు ఎత్తకూడదు.

సాయంత్రం మద్దమ్మ కనిపించింది. వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి బిడ్డను పడుకోబెట్టి చేలో పనిచేస్తోంది. ఎందుకో ఆమెతో చెప్పాను. ఆశ్చర్యపోలేదు. తనకు రెండో కాన్పు నుంచీ జారుతోందట. 'లోపలికి తోసుకుంటా, పని చేసుకుంటా. ఎవరికి చెప్పేదక్కా' అంది. కాగితం తీసి బొమ్మలు చూపించాను. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు పడుకుని చేయాలని చెప్పాను. పడుకుని అన్న మాట దగ్గర నవ్వింది. తర్వాత బొమ్మలను సెల్లులో ఫోటో తీసుకుంది.

మార్చి 6

వేంపల్లె వచ్చి వారం. ఐదో నెలలో పంపాలని అమ్మ పట్టుబట్టి సారె పెట్టి పంపింది.

ఇక్కడ ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. అంతా ప్రేమగానే ఉన్నారు. పొద్దున వాటర్ ప్లాంటు వాడు ఇరవై లీటర్ల క్యాను గేటు దగ్గర పెట్టి పోతాడు, వంటింట్లోకి నేనే మోస్తాను. పాపను చంకనేసుకుని బట్టలు ఉతుకుతాను, బకెట్లు మిద్దెకెక్కిస్తాను. మిద్దె తలుపుకు ఇప్పుడు తాళం లేదు. బరువులు ఎత్తకూడదంది డాక్టరమ్మ అని ఒకసారి అన్నాను. 'ఇండ్లల్లో చేసుకునే పని బరువా?' అంది అత్త. అడగడానికే అడిగింది, ఎగతాళి కాదు.

ఎక్సర్‌సైజులు మూడు రోజులు చేశాను. పడుకుంటే పాప పైకెక్కుతుంది, లేకపోతే ఎవరో ఒకరు వచ్చి ఒంట్లో బాగలేదా అంటారు.

ఏప్రిల్ 22

శివజ్యోతికి పోస్టింగ్ వచ్చింది. రుద్రవరం వైపు. యూనిఫామ్ ఫోటో పంపింది. బాగుంది. బాగుందని పెట్టాను.

జూలై 5

అత్తకు షుగరు మూడువందల నలభై. కడప డాక్టరు మందులు రాసి, రోజూ పొద్దున నలభై ఐదు నిమిషాలు నడవాల్సిందే, నడవకపోతే మందులు కూడా పనిచేయవు అన్నాడట. అత్త ఒక్కతే ఎట్ల పోతాదని ఇంట్లో సాయంత్రమంతా చర్చ. కోడల్ని తోడు తీసుకుపో అన్నాడు మామ. పాపను ఆ గంట నేను చూసుకుంటా అన్నాడు మహేశ్. రోజూ పొద్దున్నే లేస్తాడట. అత్త మొహమాటంగా నా వైపు చూసి, 'నీకేమన్నా పనుందా మాదేవీ?' అంది.

లేదన్నాను.

జూలై 7, ఉదయం 7.10

హైస్కూలు గ్రౌండులో నాలుగు రౌండ్లు. అత్తకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఆగాం. నాలుగో రౌండులో ఆగుదామన్నది నేను.